లేసులు లేని బూట్లు

సిమ్లా,
14 డిసెంబరు 1957.

ప్రియమైన అక్క సువార్తమ్మకు,

నీకూ బావగారికీ ప్రభువు పేరట వందనాలు. నేను బాగున్నాను. అక్కడ కోతలు అయిపోయి ఉంటాయి. కొత్త బియ్యం అన్నం తలుచుకుంటే ఇక్కడి రొట్టె గొంతు దిగదు.

ఈ ఏడు చలి ముందే దిగింది. హోటలు వెనక టెన్నిస్ ఆడే చదునులో సాయంత్రం నీళ్ళు పెడితే తెల్లారేసరికి గాజు పలకలా గడ్డకట్టేస్తోంది. దానిమీద మిలిట్రీ ఆఫీసర్లూ, ఢిల్లీ నుంచి వచ్చే పెద్దవాళ్ళూ హాకీ ఆడతారు. బంతి ఉండదు, గట్టి రబ్బరుతో చేసిన నల్లబిళ్ళ. కాళ్ళకు బూట్లు, బూట్ల కింద కత్తిపీట బద్దలాంటి ఇనప బద్ద. పరిగెత్తరు, జారతారు. నువ్వు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

డాక్టరు దొరగారి కుటుంబం వాళ్ళ దేశం వెళ్ళిపోయాక ఈ హోటల్లో కుదిరానని నీకు తెలుసుగా. వేసవిలో తోటపని. చలికాలం వచ్చిందంటే బూట్ల గది నాది. గుడివాడలో నాన్న నేర్పిన తోలుపని ఇక్కడ అక్కరకొస్తోంది. వచ్చినవాళ్ళని బెంచీమీద కూర్చోబెట్టి బూట్లు తొడిగి లేసులు బిగిస్తాను. అదేమంత తేలిక కాదు. వేళ్ళ దగ్గర కాస్త వదులుండాలి, చీలమండ దగ్గర గట్టిగా పట్టాలి. అక్కడ వదులైతే కాలు పక్కకి వాలిపోయి మనిషి పడతాడు.

చిక్కల్లా లేసుతోనే. తడిసి గడ్డకట్టి ఇనప తీగలా తయారవుతుంది. విప్పాలంటే వేడినీళ్ళు పొయ్యాలి. అదీగాక ఈసారి నా కుడిచెయ్యి మొరాయిస్తోంది. చిటికెనవేలూ, దాని పక్కవేలూ ముడుచుకుపోయి లేసు మీద పట్టు చిక్కడం లేదు. చలి, మరేం కాదు. అందుకని లేసే లేకుండా బూటు బిగించే దారి ఉందేమోనని చూస్తున్నాను. పైవరస కన్నాలకు బదులు కొక్కేలు పెట్టాలా, చీలమండ చుట్టూ తోలు పట్టీ వెయ్యాలా అని. నాగాయలంకలో పడవల వెంకటపతి ఉన్నాడుగా, వాళ్ళు తడితాడుని ముడి లేకుండా ఎలా ఆపుతారో అడిగి రాయి.

లీలావతి నర్సు చదువులో ఎలా ఉంది? మావయ్య అడిగాడని చెప్పు.

నీ తమ్ముడు,
ఇస్సాకు


అవనిగడ్డ,
3 జనవరి 1958.

ఒరేయ్ ఇస్సాకూ,

ఆశీస్సులు. నీ ఉత్తరం పండగ ముందురోజు అందింది. మీ బావగారికి పైకి చదివి వినిపిస్తూ సగంలో ఆపేశాను. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకు.

ఆయన హెడ్మాస్టరు, నేను టీచరుని. మనం ఇంతవరకు రావడానికి నాన్న ఎన్ని మాటలు పడ్డాడో గుడివాడ బజారులో నువ్వూ చూశావు, నేనూ చూశాను. నన్ను చదివించిందీ, నిన్ను దొరగారి వెంట పంపిందీ ఆ పని మనతో ఆగిపోవాలనే. నువ్వేమో అంతదూరం వెళ్ళి పరాయివాళ్ళ కాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుని, అదేదో ఘనకార్యంలా రాశావు. తోటపనే చెయ్యరాదా? గదుల పని చెయ్యరాదా? నీకు ఇంగ్లీషు వచ్చు, హిందీ వచ్చు.

సరే, అడిగావు కాబట్టి మొన్న నాగాయలంక వెళ్ళినప్పుడు వెంకటపతిని కనుక్కున్నాను. పడక్కుర్చీలో కూర్చున్నట్టు పడవ అంచున కూర్చుని నవ్వాడు. "తడి తాడుకి ముడెవడేస్తాడండీ టీచరమ్మగారూ? ఇప్పేసరికి పొద్దు గూకిపోద్ది. ఓ కర్రబిళ్ళ కట్టి ఉచ్చులో దూర్చెయ్యటమే. లాగేకొద్దీ బిగుసుద్ది, అడ్డం తిప్పితే వచ్చేసుద్ది," అన్నాడు. అన్నవాడు ఊరుకోక కత్తి తీసి నాలుగు బిళ్ళలు చెక్కి ఇచ్చాడు. నీ మీద వాడికెంత అభిమానమో. చిన్నప్పుడు నువ్వు వాళ్ళ ఇంట్లో చేపల పులుసు తిన్నది ఇంకా చెప్తాడు.

వాటితోపాటు నువ్వుల నూనె పంపుతున్నాను. పొద్దున్నే చేతులకి రుద్దుకుని వేడి కాచుకో. నేను అల్లిన ఉన్ని తొడుగులూ ఉన్నాయి. ఇక్కడ మనకి చలి లేదు కాబట్టి వాటి కొలత ఎలా ఉండాలో తెలియక నా చేతికే అల్లాను.

లీలావతి బందరు ఆస్పత్రిలో రెండో ఏడు. రక్తం చూస్తే భయపడేది, ఇప్పుడు మాకే మందులు చెప్తోంది.

ఇట్లు,
నీ అక్క సువార్తమ్మ


సిమ్లా,
26 జనవరి 1958.

అక్కకు వందనాలు.

పార్సిలు చేరింది. నూనె సీసా సగం ఒలికి తొడుగులు జిడ్డయ్యాయి, అయినా వేసుకుంటున్నాను.

కాళ్ళ దగ్గర కూర్చోవడం గురించి రాశావు. అక్కా, నా ముందు కాలు చాపేవాడు కర్నలు కానీ, మంత్రిగారి అల్లుడు కానీ, నేను "ఊ" అనేదాకా లేవడు. నేను బిగించిన బూటు వేసుకుని వాళ్ళు జారుతుంటే నేనే జారుతున్నట్టు ఉంటుంది. ఇందులో తక్కువేముందో నాకు తెలియదు. బావగారికి సిగ్గుగా ఉంటే ఆ భాగం చదివి వినిపించకు.

వెంకటపతి బిళ్ళలు ఒక జత బూట్లకు వేసి చూశాను. మొదటిరోజు భేషుగ్గా ఉంది. రెండోరోజుకి కర్ర నెమ్ము పీల్చి ఉబ్బి, ఉచ్చులోంచి రానంది. సముద్రపు తడి వేరు, ఈ మంచు వేరు అనుకుంటా. వాడికి మాత్రం బాగా పనిచేసిందని చెప్పు.

ఇప్పుడు వేరే పద్ధతి పట్టాను. కింద వేళ్ళ దగ్గర లేసు మామూలే, అది ఒకసారి కడితే చాలు. చీలమండకి మాత్రం గుర్రపు జీను తోలుతో వెడల్పాటి పట్టీ, దానికి ఇత్తడి బకిలు. లాగి, ముల్లు కన్నంలో పెడితే అయిపోయింది. లేసు కట్టే సమయంలో నలుగురికి తొడగొచ్చు. మేనేజరుగారు వచ్చి తన కాలికే పెట్టించుకుని చూసి, "ఇస్సాక్, వచ్చే నెల ఆఫీసర్ల మ్యాచికి అందరికీ ఇవే," అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం నేను వినలేదు.

తోలుకి కన్నాలు పెట్టడానికి ఊచ నిప్పులో కాలుస్తాను. మొన్న ఏమైందనుకున్నావు? పనిలో పడి ఊచ కాలిన వైపు పట్టుకున్నాను. మాంసం మాడిన వాసన వస్తే బయట వంటవాడిదేమో అనుకున్నాను. చూస్తే నా చెయ్యే. బొబ్బ ఇంతెత్తు లేచింది గాని చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. దేవుడి దయ, లేకపోతే మ్యాచి పని ఆగిపోయేది.

లీలావతికి నా దీవెనలు.

ఇస్సాకు


అవనిగడ్డ,
8 ఫిబ్రవరి 1958.

నాయనా ఇస్సాకూ,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. బడిలో పిల్లలకి ఎక్కం చెప్తూ మధ్యలో మర్చిపోయాను.

నా మాట విని ఆ పని వెంటనే మానెయ్. ఆ మ్యాచీ వద్దు, ఆ పట్టీలూ వద్దు. వేరే ఎవరికైనా అప్పగించు. అక్కడ పెద్ద డాక్టరు ఉంటాడు కదా, నీ చేతులు రెండూ చూపించు. ఒంట్లో ఇంకెక్కడైనా ఏమైనా ఉంటే దాచుకోకుండా అదీ చూపించు. ఆలస్యం చెయ్యకు.

మన ఆనందమ్మ పెద్దమ్మ గుర్తుందా? ఆవిడ సంగతి ఒకసారి తలుచుకో. అంతకంటే నేను రాయలేను. మీ బావగారు పక్కనే పేపరు చదువుకుంటున్నారు. ఆయనకింకా ఏమీ చెప్పలేదు.

నీ బాగు కోరుకునే మనిషిని నేను. నన్ను అర్థం చేసుకో.

అక్క


సిమ్లా,
2 మార్చి 1958.

అక్కకు,

నువ్వు కోరుకున్నట్టే అయింది. ఆ పని పోయింది.

మ్యాచి ఫిబ్రవరి ఆఖరి ఆదివారం జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది. ఆఫీసర్లందరికీ నేనే బూట్లు తొడిగి, ఒక్కొక్క పట్టీ నా చేత్తో లాగి బిగించాను. ఆట మంచి ఊపులో ఉండగా ఒక కుర్ర లెఫ్టినెంటు మలుపు తిరిగాడు. పట్టీ ఊడిపోయింది. కాలు ఒకవైపు, బూటు ఒకవైపు. ఎముక విరిగిన చప్పుడు బూట్ల గదిలో ఉన్న నాకు వినిపించింది. పిల్లాడికి ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదక్కా. స్ట్రెచరు మీద తీసుకెళ్తూ ఉంటే అమ్మా అమ్మా అని అరుస్తున్నాడు.

తోలు సాగిపోయిందని కొందరు, కుట్టు ఊడిందని కొందరు అన్నారు. కుట్టు ఊడలేదు, నేను చూశాను. ఒక కెప్టెనేమో బకిలు ముల్లు అసలు కన్నంలో దిగనే లేదు, ఊరికే పైన ఆనుకుని ఉందన్నాడు. అది అబద్ధం. నేనే పెట్టాను. దిగిందనే అనుకున్నాను.

మేనేజరుగారు పట్టీలన్నీ కోసి పొయ్యిలో వేయించారు. మళ్ళీ లేసులే. ఇప్పుడు నన్ను బూట్లు తుడవడానికి మాత్రం ఉంచారు.

ఇంతలో నీ ఉత్తరం. ఏం జరిగిందో తెలియకముందే పని మానెయ్, మానెయ్ అని. నీకు నేను తోలు పట్టుకోవడం ఇష్టం లేదు, ఆ మాట తిన్నగా రాయొచ్చుగా? డాక్టరనీ, చేతులనీ సాకులెందుకు? ఆనందమ్మ పెద్దమ్మ ఊసు ఎందుకెత్తావో అదీ అంతుపట్టలేదు. ఆవిడ కోడలితో పడక రంగూన్లో ఉన్న రెండో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయిందని అమ్మ చెప్పేది. నేనెవరితో పోట్లాడాను? నన్నెక్కడికి పొమ్మంటున్నావు?

నా పనిని తక్కువగా చూడనని అనుకున్నప్పుడే మళ్ళీ రాయి.

ఇస్సాకు


అవనిగడ్డ,
13 మార్చి 1958.

నా తమ్ముడికి,

ఈ ఉత్తరం చించకుండా ఆఖరిదాకా చదువు.

ఆనందమ్మ పెద్దమ్మ రంగూను వెళ్ళలేదు. నువ్వు చిన్నవాడివి, నీకలా చెప్పారు. ఆవిడ పొయ్యిమీది గిన్నె వట్టి చేతుల్తో దించేది. కాలేది కాదు. మేము నవ్వేవాళ్ళం. తర్వాత వేళ్ళు ముడుచుకున్నాయి. ఆవిడకి కుష్ఠు. ఇంట్లో ఉన్న పెద్దకొడుకే ఎడ్లబండి మీద తీసుకెళ్ళి ఆ రోగులుండే ఆశ్రమంలో దింపి వచ్చాడు. మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఆ మాట రాశాను. మొన్ననే రాయాల్సింది. భయపడ్డాను.

ఇస్సాకూ, తప్పు నీ పట్టీది కాదు. నువ్వు ముల్లు దిగిందనుకున్నావు, నీ వేళ్ళు నీకు నిజం చెప్పలేదు. ఊచ కాలినప్పుడూ చెప్పలేదు. అది దేవుడి దయ అని రాశావే, ఆ వాక్యం చదవలేక ఉత్తరం మడిచి పెట్టాను. నీ పని మీద నాకు చిన్నచూపు ఉందని మొదటి ఉత్తరంలో నేను రాసిన మాటలే నీకు గుర్తున్నాయి. అవి వెనక్కి తీసుకునే దారి లేదు. కాని ఇది దానికోసం కాదు.

బందరు వెళ్ళి లీలావతితో చెప్పాను. అది వాళ్ళ డాక్టరమ్మని పేరు చెప్పకుండా అడిగింది. ఇప్పుడు మాత్రలొచ్చాయట, ఏళ్ళతరబడి వాడాలి గాని రోగం ఆగిపోతుందట. ముందే పట్టుకుంటే వేళ్ళు దక్కుతాయట. కళ్ళు మూసుకుని ఎవరిచేతనైనా దూదిపోగు తాకించుకో. తెలియని చోట రోగం ఉన్నట్టు. వీపు మీద, మోచేతుల మీద రంగు మారిన మచ్చలున్నాయేమో చూడమను.

జవాబు వెంటనే రాయి. ఒక్క ముక్క చాలు.

అక్క


అవనిగడ్డ,
21 జూన్ 1958.

ఇస్సాకూ,

ఏప్రిల్లో రెండు కార్డులు రాశాను, మే నెలలో ఒక కవరు. ఒక్కదానికీ జవాబు లేదు. తపాలా అతను మా వీధి మలుపు తిరిగితే చాలు, బడి అరుగు మీదికి వచ్చి నిలబడుతున్నాను. అతనే దూరంనుంచి చెయ్యి ఊపి లేదంటున్నాడు.

మీ బావగారికి చెప్పేశాను. ఎప్పట్నుంచి దాస్తున్నావని మాత్రం అడిగారు. తర్వాత, "అక్కడ వాడికి ఎవరున్నారే?" అన్నారు.

సిమ్లా వెళ్దామంటే ఎన్ని రైళ్ళు మారాలో మాకు తెలియదు. భాష రాదు. వచ్చి ఎక్కడ వెతకను? అందుకని లీలావతీ నేనూ ఒక ఉపాయం ఆలోచించాం. అది చక్కటి ఇంగ్లీషులో మీ మేనేజరుగారికి ఉత్తరం రాసింది. మా మావయ్యకు ఫలానా జబ్బు ఉన్నట్టు అనుమానంగా ఉంది, భయపడి చూపించుకోవడం లేదు, దయచేసి మీరే డాక్టరు దగ్గరికి పంపండి, మీరు పేరుపెట్టి పిలిచి మెచ్చుకున్న మనిషి అని. చదివి వినిపించింది. నాకు ఏడుపొచ్చింది, అంత బాగా రాసింది. నిన్ననే పోస్టులో వేశాం.

నిన్ను అడగకుండా చేశామని కోప్పడకు. మేనేజరుగారు పెద్దమనిషి, చదువుకున్నవాడు, నాలుగు దిక్కులా పలుకుబడి ఉన్నవాడు. నీకు మంచే చేస్తాడని నా నమ్మకం.

ఇక్కడ కాలవలకి నీళ్ళు వదిలారు. నారుమళ్ళు తడిపారు.

అక్క


కొండ దిగువ ఆస్పత్రి నుంచి,
17 ఆగస్టు 1958.

అక్కకు, బావగారికి వందనాలు.

చిరునామా మారింది, చూసుకో. రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కలానికి గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చారు, ఇంకా అలవాటు పడలేదు.

నీ మార్చి ఉత్తరం నాకు అందింది. చించలేదు. దూదిపోగు తాకించమని ఎవరిని అడగను? అడిగితే ఎందుకంటారు. బూట్ల గది తలుపేసుకుని ఒక గిన్నెలో వేడినీళ్ళూ, ఒక గిన్నెలో మంచునీళ్ళూ పెట్టుకుని చేతులు ముంచాను. ఎడమచేతికి తెలిసింది. కుడిచేతికి రెండూ ఒకటే. ఎన్నోసార్లు మార్చి మార్చి చూశాను. అప్పుడు ఆ లెఫ్టినెంటు గుర్తొచ్చాడు. నేనే ఆ పిల్లాడి కాలు విరగ్గొట్టాను. అతనికి ఉత్తరం రాసి చెప్దామనుకున్నాను, ఏమని రాయను? రాయలేదు. నీకూ రాయలేదు. రాస్తే అది నిజమైపోతుందని.

వేసవి గెస్టులు వెళ్ళిపోయాక జులైలో సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఈ ఆస్పత్రికి వచ్చి చూపించుకుందామని అనుకుంటూ ఉన్నాను. అంతలో మేనేజరుగారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి ఆయన బల్ల అవతల కిటికీకి ఆనుకుని నిలబడి ఉన్నారు. చేతిలో ఉత్తరం. "అక్కడే ఆగు," అన్నారు. నేను గుమ్మంలోనే ఆగాను. ఉత్తరంలో రాసిన జబ్బు పేరు చదివి, నిజమా అని అడిగారు. నేను అబద్ధం చెప్పలేదు. ఆయన తిట్టలేదు. ఆయనకూ చిన్నపిల్లలున్నారు, భయపడ్డారు.

మధ్యాహ్నానికి నా పరుపూ, బట్టలూ వెనకవైపు చదునులో పడేశారు. తర్వాత బూట్ల గదిలోంచి హాకీ బూట్లన్నీ మోసుకొచ్చారు. వాటిని ముట్టుకోవడానికి భయపడి కర్రలకి తగిలించి తెచ్చారు. అన్నింటికీ కిరసనాయిలు పోసి అంటించారు. తోలు కాలుతుంటే ఎలా ముడుచుకుంటుందో నీకు తెలుసు. ఏ బూటు ఏదో నాకు ఆనవాలు తెలుస్తూనే ఉంది. ఆఖరికి బూడిదలో ఇనప బద్దలు మిగిలాయి. వాచ్‌మన్ దూరంనుంచే నా మూట చూపించాడు. బస్సువాడు ఎక్కించుకున్నాడు, వాడికి తెలియదు కాబట్టి.

లీలావతిని ఏమీ అనకు. చిన్నపిల్ల, మంచి మనసుతో రాసింది.

ఇక్కడి డాక్టరు, ఇంకో ఏడు ముందొస్తే బాగుండేదన్నాడు. మాత్రలు మొదలుపెట్టారు. రోగం ఆగుతుంది, పోయిన స్పర్శ రాదట. కుడిపాదం కూడా తెలియడం లేదు. అది నేను ఇక్కడికొచ్చేదాకా కనిపెట్టనే లేదు.

నన్ను ఇంటికి రమ్మంటావా అక్కా? వెంటనే కాదు. డాక్టరు సరేనన్నాక.

ఇస్సాకు


అవనిగడ్డ,
30 సెప్టెంబరు 1958.

నాయనా,

నీ ఉత్తరానికి రమ్మని జవాబు రాయడానికే మొదటిరోజు కూర్చున్నాను. మీ బావగారు అడ్డు చెప్పలేదు. "పెరట్లో పాక ఉంది, బాగుచేయిద్దాం. నా బావమరిది బజార్న ఉంటాడా?" అని పైకప్పుకి తాటాకు కూడా పురమాయించారు.

తాటాకు రాకముందే ఊళ్ళో మాట పాకింది. నీ కవరు మీద ఆస్పత్రి ముద్ర ఉంది. దాని అర్థం ఎవరో ఎవరికో చెప్పారు. సోమవారం బడికి సగం మంది పిల్లలు రాలేదు. మంగళవారం మా ఇంటి పక్క పిల్లలు మాత్రమే వచ్చారు. నేను దిద్దిన పలకలు ఇంటికెళ్ళగానే బూడిదతో కడుగుతున్నారట. మోపిదేవి నుంచి పాలు పోసే మనిషి గుమ్మం బయట గిన్నె పెట్టమంటోంది. ఆదివారం ప్రార్థనలో నా పక్కన కూర్చునే ఆడవాళ్ళు ఒక వరస వెనక్కి జరిగారు. బడి కమిటీవాళ్ళు మర్యాదగానే వచ్చారు. కాఫీ తాగలేదు. "అతను వచ్చే ఉద్దేశం ఉంటే ముందుగా చెప్పండి మేష్టారూ, మా ఏర్పాట్లు మేం చూసుకుంటాం," అన్నారు. ఆ ఏర్పాట్లు ఏమిటో మాకు తెలుసు.

వాళ్ళు వెళ్ళాక మీ బావగారు పాకలోకి వెళ్ళి ఒక్కరే చాలాసేపు కూర్చున్నారు. ఆయన బయటికొస్తే ఏదో ఒకటి చెప్తారని చూశాను.

రమ్మని రాయాలని కూర్చుని, రావద్దని రాస్తున్నాను. ఇప్పుడు వద్దు. ఎప్పుడో నాకు తెలియదు. ఇది చదివి నువ్వు నన్నేమన్నా నేను పడతాను. పెద్దమ్మని బండెక్కించిన కొడుకుని మా చిన్నప్పుడు అందరం తిట్టుకున్నాం.

లీలావతికి నీ ఉత్తరం చూపించకుండా ఉండాల్సింది. బూట్లు కాల్చిన చోటికి వచ్చి ఆగిపోయింది. అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడదు. సెలవులకి ఇంటికి రానంది. వెళ్ళి చూస్తే నర్సుల హాస్టల్లో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "నా ఇంగ్లీషు చూసుకుని మురిసిపోయానమ్మా," అంది.

మాత్రలు మానకు. పాదాలు రోజూ చూసుకో.

నీ అక్క


కొండ దిగువ ఆస్పత్రి నుంచి,
11 జనవరి 1959.

అక్కకూ బావగారికీ వందనాలు.

నీ సెప్టెంబరు ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు అని రాస్తే అబద్ధం. వచ్చింది. తర్వాత, బావగారు పాకలో కూర్చోవడం తలుచుకుంటే పోయింది. ఆయన్ని అక్కణ్ణుంచి లేచి రమ్మని నేను చెప్పానను.

ముందు కంగారుపడకుండా విను. లీలావతి ఇక్కడే ఉంది.

బందరు హాస్టలు నుంచి మీకు రాసి ఉంటుందనుకున్నాను. అడిగితే రాయలేదంది. గురువారం పొద్దున గేటు దగ్గర ఎవరో వచ్చారని పిలిచారు. నలిగిన చీర, చేతిలో రేకు పెట్టె. ముందు నేను గుర్తుపట్టలేదు. నేను చూసినప్పుడు అది జడగంటలు కట్టుకునే పిల్ల. ఢిల్లీలో రైలు తప్పి, తిండి లేక, దారి అడుగుతూ వచ్చింది. గేటు ఇవతల నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. అది లోపలికి వచ్చి వెనక్కి పెట్టుకున్న చేతుల్నే పట్టుకుంది. ఉత్తరం మాట ఎత్తబోయింది. "వద్దులేమ్మా," అన్నాను.

ఇక్కడ నాకు చెప్పుల కొట్లో పని ఇచ్చారు. పాదాలు తెలియనివాళ్ళకు మెత్తటి అడుగులతో చెప్పులు, బూట్లు కుడతాం. లేసులు పనికిరావు, కట్టుకునే వేళ్ళు ఇక్కడ ఎవరికీ సరిగ్గా లేవు. బకిలు నేనిక పెట్టనని చెప్పేశాను. వెడల్పు పట్టీ మడిచి, మణికట్టుతో లాగగలిగే పెద్ద కొక్కెం ఒకటి ప్రయత్నిస్తున్నాను. కొన్ని కుదిరాయి. ఒక ముసలాయనకి బిగువు ఎక్కువై పుండు పడింది, ఆయనకు తెలియలేదు, నాకూ తెలియలేదు. తెలియనివాడు తెలియనివాడికి బిగిస్తున్నాడు అక్కా. ఒక్కోరోజు అన్నీ పక్కన పడేసి ఊరికే కూర్చుంటాను.

నిన్న లీలావతి కొట్లోకి వచ్చి నేను కుట్టిన జోడు నా కాళ్ళకే తొడిగింది. నేల మీద కూర్చుని పట్టీ లాగి, "బిగుతుగా ఉందా మావయ్యా?" అని అడిగింది. కళ్ళతో చూస్తూనే ఉన్నాను, దాని చెయ్యి నా పాదం మీద ఉంది. "తెలియదమ్మా," అన్నాను. అది పట్టీ కింద తన వేలు దూర్చి చూసి, వదులు చేసి, మళ్ళీ పెట్టింది. ఇవాళ పొద్దున్న ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళి అలాగే చూసింది. తర్వాత వార్డు వార్డంతా తిరిగి చూస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. తిరిగి బందరు వెళ్ళనంటోంది. ఇక్కడి డాక్టరుని అడిగి చదువు ఇక్కడే పూర్తిచేస్తానంటోంది. నేను చెప్పవలసిందంతా చెప్పాను. అమ్మా నాన్నా ఊళ్ళో తల ఎత్తుకోలేరు, ఇక నీకు ఆ ఊళ్ళో గుమ్మం దొరకదు, నా వయసు అయిపోయింది నీది కాలేదు అన్నాను. కేకలు కూడా వేశాను. విని, సరే మావయ్యా అని, వెళ్ళి కట్లు మారుస్తోంది. దాన్ని రైలెక్కించే బలం నాకు లేదు. పట్టుకుని లాగుదామన్నా ఈ చేతులు సాగవు.

మీరు దాన్ని కన్నవాళ్ళు. బావగారు బయల్దేరి వచ్చి తీసుకెళ్తానంటే నేను అడ్డురాను, పెట్టె కూడా స్టేషనుదాకా నేనే మోస్తాను. రాకపోతే నాకు సంతోషమని రాయడం తప్పు. తప్పని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నానక్కా.

ఇస్సాకు